అడుగు స్వరం

చిరిగిన స్పీకర్లలోంచి ఆయన వాద్యం దోమలా పాడేది.

మనిషెత్తు వయొలిన్ లాంటి డబుల్ బేస్ అది. కౌగిలించుకున్నట్టు పట్టుకుని, నిలబడి వాయించేవాడు. వాయిస్తుంటే గోడ మీది అద్దంలో ముఖాలు వణికేవి.

ఇప్పుడు... దోమ.

భర్త పోయి మూడేళ్ళు. బీరువా సర్దుతుంటే ఆమెకు ఒక్క క్యాసెట్ దొరికింది. ఆయన ఇంట్లో ఒంటరిగా, ఏదో మధ్యాహ్నం సాధన చేసుకుంటూ రికార్డు చేసింది. ఆయన్ని ఆ వాద్యం అసలు గొంతుతోనే వినాలనుకుంది ఆమె. బట్టలు కుట్టి బతికే మనిషి. ఇంకేమీ కోరుకోలేదు.

వీధిలో రేడియోలు బాగుచేసే బాబాయి రెండు సరుకులు మోసుకొచ్చాడు. పాత చెక్కపెట్టెల్లో బిగించడానికి కొత్త బేస్ డ్రైవర్లు, కింది స్వరాలు పలికే స్పీకర్లు. విడిగా, ఇంకా లోతు స్వరాలకు ఒక సబ్‌వూఫర్. నల్లటి పెట్టె.

"తేడా ఏంటి బాబాయ్?"

"బేస్ డ్రైవరు ఇంట్లో మనిషి లాంటిదమ్మా. ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది. సబ్‌వూఫర్ అత్తగారి సణుగుడు. ఏ గదిలోంచి వస్తోందో చెప్పలేం, ఇల్లంతా ఉంటుంది."

ఆడపడుచు పకపకా నవ్వింది. అన్న పోయినప్పటి నుంచి వదినతోనే ఉంటోంది.

ముందు డ్రైవర్లు.

ఆయన వచ్చి నిలబడ్డాడు. రెండు పెట్టెల మధ్య, సరిగ్గా ఆయన నిలబడే చోట. తీగ మీద కమాను గీసుకునే చప్పుడు... ఊపిరి తీసుకునే చప్పుడు...

"చాలు బాబాయ్. ఇదే ఉంచు."

"తొందరపడి తీసుకుంటే తీరిగ్గా ఏడవాలి. రెండోది కూడా విను."

నల్లపెట్టెను మూలన పెట్టాడు.

శబ్దం మూలలోంచి రాలేదు. గోడల్లోంచి వచ్చింది. కుర్చీ కాళ్ళలోంచి వచ్చింది. ఆమె పక్కటెముకల్లోంచి వచ్చింది.

దాని కింద — ఇంకేదో.

ధన్... ధన్...

ఆగింది.

ధన్... ధన్... ధన్...

"గది మోగుతోందమ్మా," అన్నాడు బాబాయి. పెట్టెను ఇంకో మూలకు జరిపాడు. అదే చప్పుడు. వేరే క్యాసెట్ పెట్టాడు. చప్పుడు లేదు. మళ్ళీ ఆయన క్యాసెట్.

ధన్... ధన్...

"క్యాసెట్‌లోనే ఉంది. మిగతా స్పీకర్లు అంత కింది స్వరానికి దిగలేవు. ఇది దిగింది."

"ఓస్, ఇంతేనా!" అంది ఆడపడుచు. "అది నీ కుట్టుమిషనే వదినా. పక్కగదిలో తొక్కుతున్నావు. నేలంతా అదిరేది కాదూ?"

ఆమె నవ్వలేదు.

"ఆ రోజు నేను ఇంట్లో లేను."

క్యాసెట్ పెట్టె చేతికిచ్చింది. అట్ట మీద ఆయన రాతలో తేదీ.

ఆడపడుచు చదివింది. నవ్వు మాయమైంది. ఆ వారమంతా వదిన ఆసుపత్రిలో ఉంది. మంచం పక్కన కూర్చున్నది తనే. నిండు నెలలతో వెళ్ళిన వదినను ఒట్టి చేతులతో ఇంటికి తీసుకొచ్చింది తనే.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది అన్న ఒక్కడే. ఆయన రెండు చేతులూ వాద్యం మీదున్నాయి.

"ఆపకు బాబాయ్," అంది ఆమె.

వింది. మళ్ళీ వింది.

అది తొక్కడం వచ్చిన కాలు కాదు. రెండు తొక్కులు — తడబాటు. మూడు తొక్కులు — ఆగడం. అది ఆగినప్పుడల్లా ఆయన ఆగుతున్నాడు. అది కదిలితే ఆయనా కదులుతున్నాడు. నడక నేర్చుకునే బిడ్డ ముందు, చేతులు చాచి వెనక్కి అడుగులేసే మనిషిలా.

క్యాసెట్ చివరికొచ్చేసరికి — ఏడు తొక్కులు. వరసగా ఏడు.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు ఒకే కప్పు కింద బతికారు. ఆ కాలు ఎవరిదో ఒక్క మాట చెప్పలేదు ఆయన. ఆమెకు ముందు కోపం వచ్చింది. తర్వాత వచ్చింది కోపం కాదు. అసూయ.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఏది ఉంచమంటావమ్మా?"

డ్రైవర్లయితే ఆయన ఎదురుగా ఉంటాడు. ఒంటరిగా.

"నల్లపెట్టె ఉంచు."

"వద్దు వదినా. నాకు భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది."

"మరి?"

"ఇంకా తడబడుతోంది కదే. ఎలా వదిలేయను?"

బాబాయి ముందుకు వంగాడు. క్యాసెట్ ఆపి బయటికి తీశాడు. డ్రైవర్లు విప్పి సంచిలో వేసుకున్నాడు. ఆడపడుచు బాబాయిని సాగనంపడానికి వాకిట్లోకి వెళ్ళింది... తిరిగి లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

గదిలో ఏ చప్పుడూ లేదు. ఎండ నేల మీద చతురస్రంలా పడి ఉంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. నల్లపెట్టె ముందువైపు, గాలి పోవడానికి ఒక గుండ్రటి కంత. దాని దగ్గర అరచేయి పెట్టింది.

గాలి తగిలింది. మెత్తగా... గోరువెచ్చగా...

ఆగింది.

మళ్ళీ తగిలింది.