నడవాలో వదిలేసిన మాట

పొడుగాటి నడవాకు చెరో చివర రెండు గదులు. యుద్ధంలో ఉన్న రెండు దేశాల వాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసేది లేదని భీష్మించుకు కూర్చున్నారు. ఈ గదిలో మాట ఆ గదికి మోసేది మధ్యవర్తి ఒక్కతే. వేరుపడ్డ అన్నదమ్ముల మధ్య నలిగే మనిషిలా ఉందని రెండు గదుల వాళ్ళూ చాటుగా ఆమెను వదినగారు అనేవారు. వాళ్ళకు ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

మాట మోయడంలో ఆమెకో పద్ధతి ఉంది. తిట్లను నడవాలోనే వదిలేసేది. "ఆ దొంగలు" అన్నది "అవతలివారు" అయ్యేది. బెదిరింపు చిన్న అభ్యంతరంగా మారేది. ఆ నేర్పు వల్లే సరిహద్దు నది మీది వంతెన తెరుచుకుంది, అంబులెన్సులు రోగులను దాటిస్తున్నాయి. అందులో ఒకటి నడిపేది ఆమె తమ్ముడు. ఆ సంగతి బయటపడితే పక్షపాతి అంటారని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉదయం ఒక గదిలో సేనాధిపతి బల్ల గుద్దాడు. వంతెన దగ్గర అవతలివాళ్ళు పెట్టిన సైనికులు మధ్యాహ్నంలోగా వెనక్కి పోకపోతే వంతెన పేల్చేస్తామన్నాడు. ఇలాంటి వీరంగాలు ఆమె చాలా చూసింది. రెండో గదికి వెళ్ళి, సైనికుల విషయంలో అవతలివారు నొచ్చుకున్నారని, వీలు చూసుకుని వెనక్కి పిలిస్తే బాగుంటుందని అక్కడి మంత్రికి చెప్పింది. ఆయన రేపు చూద్దామని టీ తెప్పించుకున్నాడు.

ఆమె నడవాలో ఉండగానే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇవాళ వంతెన మీద పరవాలేదా?"

"పరవాలేదురా, వెళ్ళిరా. నేనున్నాగా."

అబద్ధమాడాలని కాదు. తాను మెత్తబరిచిన మాటను తానే నమ్మేసింది. అంతకన్నా ఘోరం ఏముంటుంది?

మధ్యాహ్నం దాటాక వంతెన కూలింది. తమ్ముడి అంబులెన్సు నదిలో పడిపోయింది. ఎవరూ బతకలేదు.

పోయిన డ్రైవరు ఆమె తమ్ముడని తెలిసి రెండు పక్షాల వాళ్ళూ పరామర్శకు ఆమె గదికి వచ్చారు. చోటు చాలక సేనాధిపతి, మంత్రి ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ళనలా కూర్చోబెట్టడానికే ఇన్నాళ్ళూ ఆమె కాళ్ళరిగేలా తిరిగింది.

"పేల్చేస్తామని ముందే చెప్పి పంపాం కదండీ," అన్నాడు సేనాధిపతి, తల ఎత్తకుండా.

"మాకలా చెప్పలేదే," అన్నాడు మంత్రి.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఈసారి మధ్యలో నడవా లేదు.

"ఆయన చెప్పారండీ," అంది ఆమె. "నేనే చెప్పలేదు. మీకూ చెప్పలేదు, మా తమ్ముడికీ చెప్పలేదు."