కాంపౌండరు తాళం

ఆకురాయి కింద ఇత్తడి పొడి సన్నగా రాలుతోంది. తాళాలాయన తాళంచెవిని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, పళ్ల వరస చూశాడు. ఇంకో రెండు రుద్దులు రుద్దాడు. తరువాత దుకాణం ముందు నిలబడ్డ ఆవిడ ముఖం చూశాడు. తాళంచెవిని ఎంతసేపు చూస్తాడో, చేయించుకునేవాళ్ల ముఖాన్నీ అంతసేపూ చూడటం అతనికి అలవాటు.

"రెండోది ఎందుకమ్మా?"

"ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని."

"పోకముందే పోతుందని ఎలా తెలిసింది?"

ఆవిడ కిసుక్కున నవ్వి, డబ్బులిచ్చి వెళ్లిపోయింది. అతను నవ్వలేదు. మొగుడికి తెలియకుండా చేయించుకుందో, అత్తకి తెలియకుండానో. ఎవరికీ తెలియకుండా కాకపోతే రెండో తాళంచెవి ఎవరికి కావాలి లోకంలో?

దుకాణం అంటే మేడమెట్ల కింద మిగిలిన చోటు. నిటారుగా నిలబడితే నడినెత్తి మెట్టుకి తగులుతుంది. ముప్పై ఏళ్లుగా వంగి వంగి, ఇప్పుడు ఆరుబయట కూడా అతను అలాగే నడుస్తాడు. గోడనిండా మేకులు, మేకులకి తాళంచెవుల గుత్తులు. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి, చింతగింజలా నల్లబడి అలాగే ఉండిపోయింది. కాళ్ల దగ్గర రేకుడబ్బాలో బాగుకోసం వచ్చిన తాళాలు.

అందులోంచి ఒకటి తీశాడు. లావుపాటి ఇత్తడి తాళం. చేత్తో తూచినట్టు పట్టుకుని, మళ్లీ డబ్బాలో పడేశాడు.

అది కాంపౌండరు తాళం. కాంపౌండరు అతని ఇంటి వెనకగదిలో అద్దెకుండే ముసలాయన. ఒకప్పుడు ఓ డాక్టరు దగ్గర మందులు కలిపేవాడు. డాక్టరు పోయాడు, ఆసుపత్రి పోయింది, పేరు మాత్రం మిగిలింది. వానల ముందు ఈ తాళం పట్టుకొచ్చి, "చెవి తిరగట్లేదు నాయనా, ఓసారి చూడు" అన్నాడు. చూస్తే కాసేపటి పనే. కానీ పోయేవాడికి తాళం ఎందుకు? ఉండిపోదామనుకునేవాడే తాళం బాగుచేయించుకుంటాడు. బాగుచేసి చేతిలో పెడితే, ఉండిపొమ్మని తనే చెప్పినట్టు. అందుకే "రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఈ తెలివి అతని సొంతం కాదు. మునిసిపల్ ఆఫీసు గోడవారన బల్ల వేసుకున్న అర్జీలాయన ఇచ్చింది. "ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, పైగా ఇన్నేళ్ల నుంచి పాతుకున్నాడు. రేపు ఆ గది నాదే అంటే ఏం చేస్తావ్? అద్దె తీసుకోవడం మానెయ్. ఆనక బాకీ పడ్డాడని బయటికి నెట్టొచ్చు" అన్నాడు. అప్పటినుంచీ ఒకటో తారీఖున కాంపౌండరు డబ్బు కాగితంలో మడిచి పట్టుకొస్తే, ఇతను చేతులు వెనక్కి పెట్టుకుని "తొందరేముంది, తరువాత చూద్దాం లెండి" అంటున్నాడు. ముసలాయన ఆ మడత అలాగే పట్టుకుని, దగ్గుకుంటూ వెనకగదికి వెళ్లిపోయేవాడు.

ఇల్లంటే రెండు గదులు, వెనక ఇంకోటి. పైన రేకు. వంగిన నడుముతో సంపాదించిన ఆస్తి అదొక్కటే. అది చేజారితే మిగిలేది మెట్ల కింద చోటే, అదీ సొంతం కాదు.

ఇవాళ ఇంటిపన్నుకి ఆఖరి రోజు. దాటితే వడ్డీ వేస్తారు. ఫోనులో నొక్కితే నిమిషంలో అయిపోతుందని పక్క దుకాణం టైలరు ఏటా చెబుతాడు. ఫోనులో పోయే డబ్బు ఎటు పోతుందో చూసినవాడెవడు? కౌంటరులో పెడితే కనీసం తీసుకున్న చెయ్యి కనిపిస్తుంది. అతను దుకాణం తలుపుకి మూడు తాళాలు వేసి, ఒక్కోటీ రెండుసార్లు లాగి చూసి, పాత రసీదుల సంచీ చంకన పెట్టుకుని బయల్దేరాడు.

"అన్నా, తాళాలాయన దుకాణానికి కన్నం వేసేవాడు ఇంకా పుట్టలేదే!" అన్నాడు టైలరు, నోట్లో సూది పెట్టుకునే.

"పుట్టే ఉంటాడు. పక్కనే ఉంటాడు" అన్నాడు అతను వెనక్కి తిరక్కుండా.

ఊళ్లో ఎక్కడ తాళం పగిలినా పోలీసులు ముందు తన దగ్గరికే వస్తారు. ఓసారి రెండు రోజులు స్టేషన్లో ఉంచేసుకున్నారు కూడా. అసలు దొంగ దొరికాక "పోవోయ్" అన్నారు, అంతే. తిరిగొచ్చిన రాత్రి కాంపౌండరు వచ్చి, ఏమీ అడక్కుండా, అరికాళ్లకి మందు రాసి వెళ్లాడు. వారం రోజులు రాశాడు. అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగిన మాట నిజమే. కానీ ఆ తరువాత ఆలోచిస్తే, ఆ ఏడు అద్దె పెంచుదామనుకుని పెంచలేకపోయాడు. మందు ఊరికే ఎవడు రాస్తాడు?

మునిసిపల్ ఆఫీసు కౌంటరులో కూర్చున్నావిడ డోరు నంబరు కొట్టి, తెర చూసి, "బాకీ లేదండి. కట్టేశారు" అంది.

"ఎవరు కట్టేశారు?"

"మీరే అయ్యుంటారు."

"నేను కట్టలేదు. ఇదిగో డబ్బు, చేతిలోనే ఉంది."

"అయితే ఇంకెవరో. మొన్న, ఇక్కడే, నగదు." ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంది. "ఆఁ, గుర్తొచ్చింది. ఓ పెద్దాయన. ఒకటే దగ్గు. కుర్చీ వేయించి మంచినీళ్లిచ్చాం. బాబాయి అవుతారా మీకు?"

ఊరికే దగ్గడానికి కూడా ఓపికలేని మనిషి ఇంత దూరం వచ్చి, కుర్చీలో కూర్చుని, తన ఇంటికి పన్ను కట్టాడు. అద్దె తీసుకోనంటే పన్ను కట్టాడు! తను ఎత్తు వేస్తే, అంతకు పైఎత్తు.

"వేరేవాళ్ల ఇంటికి ఎవడుపడితే వాడు కడితే తీసుకుంటారా?"

"నంబరు చెప్పి డబ్బిస్తే తీసుకోక, తరిమికొడతామా?"

"రేపు వాడొచ్చి ఆ ఇల్లు నాదేనంటే?"

ఆవిడ నవ్వింది. "మా బావగారింటికి పదేళ్లుగా మా ఆయనే కడుతున్నాడు. ఇల్లిస్తారా? వాకిట్లో బండి పెడితేనే ఊరుకోరు. వెళ్లండి, వెనక లైనుంది."

ఆ నవ్వు కూడా అతనికి నచ్చలేదు. మంచినీళ్లిచ్చింది కదా. ఎన్ని గ్లాసులిచ్చిందో, ఎందుకిచ్చిందో.

బయట అర్జీలాయన చెవిన వెయ్యగానే, ఆయన పెన్నుకి మూత పెట్టి, "చెప్పానా! రసీదు ఎవరి పేరున ఉందో ముందు అది చూడు. వాడి పేరు ఎక్కిందా, నీ పని గోవిందా" అన్నాడు. అన్నందుకు టీకి డబ్బులు తీసుకున్నాడు.

తాళాలాయన దుకాణానికి పోలేదు. నడినెత్తిన ఎండతో ఇంటికొచ్చేసరికి భార్య కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది.

"ఏమండీ, ఇంత తొందరగా వచ్చారేం?"

"మన డోరు నంబరు ఆ ముసలాడికి ఎవరిచ్చారు?"

"నేనే. తలుపు మీద రాసే ఉందిగా, ఆయనకి చూపు ఆనక నన్నడిగారు." ఆవిడ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "అద్దె తీసుకోవట్లేదటగా మీరు? నాకు చెప్పనైనా లేదు. బాబాయిగారే అన్నారు. 'అబ్బాయికి నా మీద కోపమో ఏమో అమ్మాయ్, డబ్బు అంటుకోడు. ఊరికే ఉండాలంటే నాకు నిద్రపట్టట్లేదు. ఇంటిపన్నయినా కట్టేస్తే సరిపోతుంది' అని."

"నువ్వు నమ్మావు!"

"నమ్మకేం? మిగిలిన కాస్తా వచ్చే ఏడు పన్నులో సర్దేస్తానన్నారు కూడా."

"వచ్చే ఏడా?" అతని గొంతు చీలింది. "విన్నావా? వచ్చే ఏడట! కదిలే ఉద్దేశం ఉంటే ఆ మాటంటాడా? పాము చలికి ముడుచుకున్నట్టు ముడుచుకుని, ఇల్లు మింగుదామని చూస్తున్నాడే వాడు!"

"మీ అనుమానానికి వెయ్యడానికి తాళం లేదు గానీ, ఉంటే నేనే కొనేదాన్ని" అంది ఆవిడ. "గట్టిగా అరవకండి. పడుకున్నట్టున్నారు."

అతను అప్పటికే పెరట్లోకి నడిచాడు. నోట్లో మాటలు వరసగా పేర్చుకున్నాడు. రసీదు చూపించు. ఎవరి పేరున కట్టావ్? ఎవరు చెప్పారు కట్టమని? ఇవాళే ఖాళీ చెయ్.

కిటికీ గట్టు మీద పొద్దున భార్య పెట్టిన టీగ్లాసు అలాగే ఉంది. పైన మీగడ తెట్టు కట్టి, అందులో చీమ ఒకటి చిక్కుకుంది. తలుపు గొళ్లానికి తాళం లేదు. ఎలా ఉంటుంది? దగ్గరగా వేసిన తలుపు వేలితో తోస్తేనే తెరుచుకుంది.

కాంపౌండరు మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. దుప్పటి మెడదాకా ఉంది. ఎప్పుడూ వినపడే దగ్గు వినపడకపోవడం, గదిలో ఇంకో సామానులా కనిపించింది. తాళాలాయన గుమ్మంలోనే నిలబడి, "ఏవండీ" అన్నాడు. తన గొంతే తనకి కొత్తగా ఉంది. రెండోసారి అనలేదు.

తలగడ పక్కన మడిచిన కళ్లజోడు, దాని కింద రసీదు. భార్య లోపలికొచ్చి, ముసలాయన నుదుటి మీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి తియ్యలేక అలాగే ఉండిపోయింది. అతను రసీదు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. పైనుంచి కిందికి చదివాడు. వెనక్కి తిప్పాడు. వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. డోరు నంబరు తనది. యజమాని పేరు తనది. చెల్లించినవారు అన్న చోట కూడా తన పేరే. కాంపౌండరు పేరు ఎక్కడా లేదు.

"ఏం వెతుకుతున్నారు?" అంది భార్య.

"ఏం లేదు."

చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. సూదులు వేయించుకున్నవాళ్లు, మందు పొట్లాలు కట్టించుకున్నవాళ్లు, అందరూ డబ్బివ్వని బాపతే. ఎవరూ లేరనుకున్న మనిషికి వాకిలి పట్టనంతమంది తేలారు. పొద్దుగూకకముందే బండి వచ్చి తీసుకెళ్లింది. కర్మకాండ ఖర్చు ఎవరిదన్న మాట వస్తే, తాళాలాయన పొద్దున పన్నుకని తీసుకెళ్లిన డబ్బు జేబులోంచి తీసి, లెక్కపెట్టకుండా టైలరు చేతిలో పెట్టాడు. టైలరు అతన్ని అనుమానంగా చూశాడు.

తరువాత దుకాణానికి వెళ్లి మూడు తాళాలూ తీశాడు. రేకుడబ్బా ముందుకు లాక్కుని, ఇత్తడి తాళం విప్పాడు. లోపల మీట ఒకటి తుప్పుపట్టి అతుక్కుపోయింది, అంతే. కిరసనాయిలులో ముంచి, గుడ్డతో తుడిచి, నూనెచుక్క వేసి బిగించాడు. తాళంచెవి పెట్టి తిప్పితే, తిప్పీ తిప్పకముందే తెరుచుకుంది. వేశాడు, తీశాడు. మళ్లీ వేశాడు. లాగి చూశాడు, రెండుసార్లు.

"బాగైందా అన్నా? ఎవరిదది?" అన్నాడు టైలరు, దుకాణం కట్టేస్తూ.

పని పూర్తయిన తాళాలు, యజమానులొచ్చి తీసుకునేదాకా వేలాడదీసే మేకు ఒకటుంది గుమ్మం పక్కన. కాంపౌండరు తాళం ఆ మేకుకి, తాళంచెవి దానికే పెట్టి ఉండగా, నూనె మెరుపుతో కొద్దిగా ఊగుతూ ఉంది.