ముగ్గురి బెంచీ

నేను ఒక బడి బెంచీని. ముగ్గురు కూర్చోవాలని మద్ది చెక్కతో చేశారు. కూర్చున్నది మాత్రం ఎప్పుడూ నలుగురే. బాపట్లలోని ఒక చిన్న ప్రైవేటు బడిలో నా వయసంతా గడిచింది. "జరగవే", "నువ్వే జరుగు" అన్న గొడవ తప్ప నాకు వేరే పాఠమేదీ వంటబట్టలేదు. కంపాసు ముల్లుతో నా ఒంటినిండా పేర్లు చెక్కితే తెగ విసుక్కునేదాన్ని.

బడి మూతపడ్డాక పాత సామాన్ల కొట్టుకి చేరాను. అక్కడ నన్ను కొన్నావిడ నళిని. ఒకప్పుడు టీచరు. పిల్లల్ని ర్యాంకుల కోసం రుబ్బే బళ్ళంటే ఒళ్ళు మండి, ఉద్యోగం మానేసి, కూతురు వకుళకి ఇంట్లోనే చదువు చెబుతోంది. బడి వద్దనుకున్న మనిషి బడి బెంచీని బేరమాడి కొనడమేమిటో! మనకెందుకులే అని ఆటో ఎక్కాను.

నేను ఇంటికి చేరీచేరగానే వకుళ నా మీద పేర్లన్నీ వేలితో తడుముతూ చదివింది. "అమ్మా, ఈ భ్రమరాంబ ఎవరు? జానీబాషా ఇప్పుడెక్కడున్నాడు?" నళినికేం తెలుసు? ఆ పిల్ల రోజూ నా చివరనే కూర్చునేది. లెక్క చేస్తూ చేస్తూ పక్కనున్న ఖాళీకేసి చూసి, మెల్లిగా "జరుగు" అనేది. నాకు గుండె తరుక్కుపోయేది.

హాస్టలుండే పెద్ద స్కూలు మాట వకుళే ఎత్తింది. వేలమంది పరీక్ష రాస్తే పదుల మందిని తీసుకుంటారట.

"నేను చెప్పేదాంట్లో ఏం తక్కువైందే?" అంది నళిని.

"నువ్వు బాగానే చెబుతావమ్మా. చెప్పించుకునేది నేనొక్కదాన్నేగా."

నళిని ముఖం చిన్నబోయింది. అయినా తనే దగ్గరుండి పరీక్షకి చదివించింది. అందులో నెగ్గాక, ఇంటర్వ్యూ కంప్యూటర్‌లో అన్నారు. వకుళ నా మీదే కూర్చుంది. నళిని తలుపు చాటున నిలబడింది.

"క్లాసులో నీదెన్నో ర్యాంకు?" అడిగాడు తెరలోంచి ఒక పెద్దాయన.

"ఫస్టండీ."

"ఎంతమందిలో?"

"నేనొక్కదాన్నేనండీ."

అవతల అందరూ నవ్వారు. "సగమే కనపడుతున్నావు పాపా, మధ్యకి జరుగు" అన్నాడాయన.

వకుళ కదల్లేదు. "ఇది ముగ్గురి బెంచీ అండీ. మధ్యలో కూర్చుంటే మిగతావాళ్ళకి చోటుండదు."

"మిగతావాళ్ళెవరు?"

"ఇంకా రాలేదండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నళిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొన్నాళ్ళకి "సీటొచ్చిందమ్మా!" అని వకుళ ఇల్లంతా గెంతింది. సీటంటే నాలాంటిదే ఇంకోటి ఇంటికొస్తోందేమో, నాకూ ఒక తోడు దొరికిందనుకుని పిచ్చిదానిలా సంబరపడ్డాను. తీరా చూస్తే వచ్చిన సీటు ఎక్కడో ఉంది, వెళ్ళేది వకుళ. మనుషుల భాషతో వేగడం కష్టం. వెళ్ళేముందు తన పేరు నా మీద చెక్కింది. ఈసారి నేను విసుక్కోలేదు.

మొన్న ఆదివారం హాస్టలు నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, ఇక్కడ బెంచీకి నలుగురం! పక్కపిల్ల అస్సలు జరగదు. చోటే చాలట్లేదమ్మా!" ఫిర్యాదు చేస్తూ పకపకా నవ్వుతోంది. నళినీ నవ్వింది.

ఫోను పెట్టేశాక వచ్చి నా మీద కూర్చుంది. ఇల్లంతా ఖాళీగా ఉన్నా, నా చివరకంటా జరిగి కూర్చుంది.