జాలీ ముందు అగరుబత్తి

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటామో లేదో మా ఫియట్ మళ్ళీ కక్కింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేచింది. వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తీయడు. మా మనవడు మహీధర్ స్టీరింగ్‌కు నుదురు ఆనించి అట్లాగే ఉండిపోయాడు. వెనక సీట్లో నేను, నా ఒళ్ళో నీళ్ళ డబ్బా. చంటిదానితో బయలుదేరిన తల్లి పాలసీసా మోసినట్టు, ఈమధ్య ఆ డబ్బా లేకుండా మేము గడప దాటడం లేదు.

"ఇగ నాతోని కాదు నానమ్మా," అన్నాడు. "పొద్దుగూకంగ పెండ్లిపిల్లను ఎక్కించుకుని గిట్లనే ఆగితే నా పని ఖతం."

వాడి పని ఏమిటో చెప్పాలి. ఆఫీసు ఉద్యోగం వాడికి అచ్చిరాలేదు. మా ఆయన గన్‌ఫౌండ్రీలోని ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్న బండి ఇది. దాన్ని తుడిచి, మీగడ రంగు వేయించి, పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంటలను తిప్పుతున్నాడు. ఇంట్లో కొత్త కారున్న పిల్లలకు కూడా ఫొటోలో పాతదే కావాలట! పిలుపులన్నీ ప్రసన్నకుమార్ అనే ఒక్క ఫొటోగ్రాఫర్ దగ్గరినుంచే వస్తాయి. పోయినసారి బషీర్‌బాగ్‌లో బండి మరిగి, పెళ్ళికూతురి పట్టుచీర మీద తుప్పునీళ్ళు చిందాయి. ఇంకోసారి ఇట్లా జరిగితే పిలవలేనని అతను మెల్లగా చెప్పాడు. అరిచినా బాగుండేది.

ఈరోజు సాయంత్రం మొజంజాహీ మార్కెట్ ముందు ఇంకో జంట. అందుకే పొద్దున్నే బండిని తిప్పి చూద్దామని బయలుదేరాడు. నన్ను వద్దన్నాడు. నేను వింటానా? ఇంట్లో ఉంటే నా కాలు ఒకచోట నిలవదు. శుక్రవారం పూజ కూడా చేయకుండా, అగరుబత్తీలు సంచీలో వేసుకుని ఎక్కేశాను.

ఇంజను చల్లారాక నీళ్ళు పోసి, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న రాజనర్సు షెడ్డుకు చేరాం. మా ఆయన ఉన్నప్పటినుంచి మా బండిమీద చెయ్యి వేసేది అతనొక్కడే.

"మళ్ళొచ్చిన్రా? జర నన్ను గూడ బతకనియ్యున్రి," అన్నాడు రాజనర్సు, చాయ్ గ్లాసు దించకుండానే.

"నీ చేతి చలవే నర్సూ," అన్నాను. "మందు ఇచ్చినకొద్దీ జ్వరం పెరుగుతుంది."

అతను బానెట్ ఎత్తాడు. ఇంజను నడిపించి, పైపులు పట్టుకుని చూశాడు. రేడియేటర్ కడిగించిందే. నీళ్ళ పంపు కొత్తదే. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. స్టీరింగ్ వెనక వేడి చూపించే ముల్లు మధ్యలో నిలబడి, నాకేమీ తెలియదన్నట్టు చూస్తోంది.

"సూడు, ఏమన్న ఉన్నదా? గీడ మంచిగనే ఉంటది. రోడ్డెక్కితేనే దీనికి షురూ అయితది," అన్నాడు.

మా ఆయనా అంతే. ఇంట్లో పిల్లిలా ఉండి, బజారుకు వెళితే కూరగాయలవాడిమీద ఇంతెత్తున లేచేవాడు. ఆ మాట అనబోయి మహీధర్ ముఖం చూసి మింగేశాను. వాడు షెడ్డులో ఆ మూలకు, ఈ మూలకు తిరుగుతున్నాడు. వాడు తిరుగుతుంటే నేనూ లేచాను.

"హెడ్ విప్పాలె," అని తేల్చాడు రాజనర్సు. "ఇంజను కడుపుల ఏదో ఉన్నది. విప్పినంక చెప్త."

"ఎన్ని రోజులు నర్సన్నా?"

"పెద్ద పని. వచ్చే శుక్రారం అనుకో."

అంతలో మహీధర్ ఫోన్ మోగింది. స్పీకర్‌లోంచి ప్రసన్నకుమార్ గొంతు మాకూ వినిపించింది.

"మహీధర్ గారూ, బండి వస్తుందా రాదా? రాదంటే ఇప్పుడే చెప్పేయండి. పెళ్ళికూతురి నాన్నగారు అప్పుడే వేరే కారు చూసుకోమంటున్నారండీ."

"జర ఆగున్రి సార్. కొద్దిసేపట్ల చెప్త."

"కొద్దిసేపంటే కొద్దిసేపేనండోయ్!"

మహీధర్ ఫోన్ జేబులో పెట్టుకుని గోడవైపు తిరిగాడు. నాకు చేతులు ఊరుకోలేదు. సంచీలోంచి అగరుబత్తీలు తీసి వెలిగించి, బండి ముందు నిలబడ్డాను.

"అవ్వా, ఇంజను నడుస్తుంది. బంద్ చెయ్యనీ," అన్నాడు రాజనర్సు.

"ఉండనీ. ఊపిరి లేని బండికి పూజేందనేటోడు మీ సార్. ప్రతి శుక్రారం ఇంజను నడుస్తుంటెనే నేను పొగ చూపిస్త."

రేడియేటర్ ముందున్న జాలీ దగ్గర అగరుబత్తి తిప్పానో లేదో, పొగంతా వచ్చి నా కళ్ళలో కొట్టింది. ముఖం పక్కకు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"ఏమాయె అవ్వా?"

"ఏముంది, నా కండ్లు చెడిపోయినయి. ఎండకాలంనుంచి ప్రతి శుక్రారం గిదే గోస. దవాఖానల చూపిస్తే చుక్కలమందు ఇచ్చిన్రు. మునుపు గట్ల లేకుండె. పొగ సక్కగ జాలీలకే పోయేది. అమ్మవారు పీల్చుకుంటుందని మీ సార్ మురిసేటోడు."

రాజనర్సు గ్లాసు బల్లమీద పెట్టాడు.

"మళ్ళ ఒకసారి తిప్పు."

తిప్పాను. పొగ మళ్ళీ నావైపే వంగింది. అతను పక్కనున్న పాత పేపరు చింపి జాలీకి ఆనించి చెయ్యి వదిలాడు. కాగితం అతుక్కోవాలట. అది ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

"అరె!" అని నెత్తి కొట్టుకున్నాడు. "ఎండకాలంల పాత ఫ్యాన్ తీసి కరెంటు ఫ్యాన్ పెట్టింది నేనే గదా! వైర్లు ఉల్టా కలిపిన. తిరుగుతుంది తిరుగుతుంది అనుకున్నం గని, ఎటు తిరుగుతుందో ఎవ్వలం సూడలే. బండి ఉరికితే ముందునుంచి గాలి లోపలికొస్తది, గీ ఫ్యాన్ దాన్ని బయటికి నూకుతది. రెండూ కొట్లాడుకుంటే ఇంజనుకు గాలేడిది?"

"నువ్వు వైర్లు తిప్పితే నేను కంట్లో మందేసుకున్నానా?" అన్నాను.

"అవ్వా, నీ కాళ్ళు మొక్కుత, బజార్ల చెప్పకు."

రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఈసారి కాగితం జాలీకి టపీమని అతుక్కుంది. అగరుబత్తి పొగ నన్ను వదిలేసి సన్నగా లోపలికి దూరింది. మహీధర్ మాత్రం, "రోడ్డుమీద చూస్తేగాని నమ్మ," అన్నాడు. అయినా ఫోన్ తీసి బండి వస్తుందని చెప్పేశాడు. చెప్పాక వాడి ముఖం ఇంకా పాలిపోయింది.

లక్డీకాపూల్ వరకు వెళ్ళి వచ్చాం. దారంతా ఇద్దరం ముల్లునే చూశాం. మధ్యలో నిలిచింది. అయినా పెళ్ళిపిల్ల ఎక్కాక ఈ బండి ఏం చేస్తుందో ఎవరు చూశారు?

సాయంత్రం మార్కెట్ ముందు జంట వెనక సీట్లో కూర్చోవాలి కనుక నేను దిగాను. నీళ్ళ డబ్బా మాత్రం వదలకుండా కిటికీ పక్కన నిల్చున్నాను. పిల్ల గులాబీరంగు చీర సర్దుకుంది. కెమెరాతో ప్రసన్నకుమార్ ముందు సీట్లో కూర్చుని, "మామ్మగారూ, ఆ డబ్బా ఫొటోలో పడుతోందండీ," అన్నాడు.

"పడనీ నాయనా, అవసరం పడకుంటె చాలు," అన్నాను.

బండి ఆబిడ్స్‌వైపు తిరిగి, బస్సుల మధ్య మాయమైంది. నేను ఇరానీ హోటల్ మెట్టుమీద కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. దూరంగా తెల్లగా ఏది లేచినా ఆవిరే అనిపించింది. ఒకటి మొక్కజొన్నలవాడి పొగ, ఇంకోటి హోటల్ పొయ్యిది.

చివరికి మీగడ రంగు ముక్కు కనబడింది. బానెట్ మీద ఏ ఆవిరీ లేదు. మహీధర్ ఆపకుండా ఒక్కసారి హారన్ కొట్టి, మళ్ళీ చుట్టు తిరిగి ఆబిడ్స్‌వైపే పోయాడు. ముందు సీట్లోంచి ప్రసన్నకుమార్ ఇంకో చుట్టు అన్నట్టు వేలు చూపించాడు.

నేను డబ్బా మూత తీసి, ఆ నీళ్ళతో చల్లగా ముఖం కడుక్కున్నాను.