పొత్రం పడుకున్న ఉయ్యాల

నేను ఒక ఉయ్యాలను. టేకు తొట్టిని. సుభద్రమ్మకు పెళ్లయిన ఏడాదే ఆమె తండ్రి సామర్లకోటలో నన్ను చేయించాడు. తొందరపాటు మనిషి. ఆమెకు పిల్లలు పుట్టలేదు.

నన్ను అటక ఎక్కించకుండా ఆమె వీధి వీధంతా అరువిచ్చింది. నన్ను తడిపినవాళ్లలో కొందరికిప్పుడు బట్టతల. ఉయ్యాల పంపేది సుభద్రమ్మ; పాపను ఉయ్యాలలో వేసే వేడుకలో ఊపేది మాత్రం పిల్లల్ని కన్నవాళ్లే. ఆ సమయానికి ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడేది. చెక్కనై ఉండీ నాకు సిగ్గేసేది.

ఈసారి మేనకోడలు హేమలత కూతురు. వేడుక ఎల్లుండి అనగా నన్ను వేలాడదీస్తే, అడుగు చెక్కలోని పాత చీలిక నోరు తెరిచింది. హేమలత అత్తగారు మాణిక్యమ్మ అప్పుడే చెప్పేసింది: "పగిలినదాంట్లో మా పిల్లని వెయ్యనండీ. స్టీలుది తెస్తున్నా."

వడ్రంగి అప్పలకొండ జిగురు పట్టించాడు. తెల్లారేసరికి అది మీగడలా ఊడొచ్చింది. అతను చీలికను వాసన చూశాడు.

"ఆముదం వాసనేంటమ్మా?"

"ఎండిపోతుందని శుక్రవారం శుక్రవారం రాస్తున్నానురా," అంది సుభద్రమ్మ.

"మీ ముద్దే దీన్ని అతుక్కోనివ్వట్లేదండి!"

ఆమె కొంగు బిగించింది. కుంకుడు రసంతో కడిగి, ఎండలో ఆరబెట్టి, జిడ్డు పోయి తెల్ల చెక్క తేలేదాకా గరుకు కాగితంతో గీకింది. సాయంత్రం అప్పలకొండ మళ్లీ జిగురు నింపాడు. ఆమె తన పాత పట్టుచీరను తాడులా మెలిపెట్టి నా చుట్టూ కట్టి, రోకలి దూర్చి తిప్పి బిగించింది. మర్నాడు విప్పేదాకా నాకు ఊపిరాడలేదు.

వేడుకలో ముందు రుబ్బురోటి పొత్రాన్ని పడుకోబెడతారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, పిల్లలాగే గుడ్డ కప్పి. ఆ తర్వాతే పాప. పొత్రం నాలో పడింది. గొలుసు కిర్రుమంది. ముత్తైదువలంతా ఒక్కడుగు వెనక్కి వేశారు. తన చేతి కింద ఉయ్యాల విరిగిందన్న మాట ఎవరికి కావాలి?

"అతికించినవాళ్లే ఊపాలి మరి," అంది మాణిక్యమ్మ, స్టీలు ఉయ్యాల పక్కనే నిలబడి.

అందరూ గుమ్మం వైపు చూశారు. సుభద్రమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అన్నేళ్లలో మొదటిసారి, వేడుక నడుమ ఆ అరచెయ్యి నా అంచు మీద పడింది. ఊపింది. రాయి అటూ ఇటూ కదిలింది. నేను పళ్లు బిగించాను. చీలిక కదల్లేదు.

హేమలత పొత్రం తీసి పాపను వేసింది. ఇప్పుడు ధైర్యమొచ్చిన చేతులన్నీ నా మీదికి వచ్చాయి. సుభద్రమ్మ అలవాటుగా తప్పుకోబోయింది.

మాణిక్యమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. గొంతు తగ్గించింది.

"ఆపకు వదినా. పిల్ల నిద్రపోతోంది."