జపాను జాడీ నడుము

రోజూ పొద్దున ఉర్సుల్ తన మొగుడు అన్సెల్మ్ ఒళ్లో తుండుగుడ్డ పరిచాకే సూపు గిన్నె చేతికిచ్చేది. అతను పాతికేళ్లుగా పారిస్‌లో కంచు మీద బంగారం పూసే పనివాడు. బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి కుంపటి మీద కాలిస్తే, పాదరసం పొగై పోయి బంగారం నిలుస్తుంది. ఆ పొగకు అతని పళ్లు నాలుగు రాలాయి, చేతులకు వణుకొచ్చింది. ఆ వీధిలో ఈ పని చేసినవాళ్లెవరూ యాభై దాటలేదు. అతనికి నలభై ఎనిమిది.

"మానెయ్యవయ్యా" అని ఉర్సుల్ అంటే, "మానేసి నీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరగనా?" అనేవాడు.

ఆ వసంతంలో షావుకారు గోదేన్ ఒక జపాను జాడీ పంపాడు. తెల్లటి ఒంటి మీద నీలం కొంగలు. నడుముకు బంగారు పూత పట్టీ కావాలన్నాడు. కంచు పట్టీ పోతపోసి తొడిగితే కొలిచినట్టు సరిపోయింది. పూత పూసి తెచ్చేసరికి జాడీ వేలెడు లావైంది.

"పొట్ట పెంచింది" అన్నాడు అన్సెల్మ్ విసుగ్గా.

"అన్ని నెలలు ఓడలో కూర్చుని వచ్చింది పాపం" అంది ఉర్సుల్.

పట్టీ పెద్దది చేశారు. పూయకముందు పట్టింది, పూశాక పట్టలేదు. మూడోసారీ అంతే. జాడీకి కంచుతో పేచీ లేదని, పాదరసమే గిట్టడం లేదని ఉర్సుల్‌కు అప్పుడు తెలిసింది.

"బంగారు రంగు వార్నిష్ వేసి చూడు."

"చవకబారు దీపాలకు వేసేదా? నా చేత్తోనా?"

"నీ చేతిలో సూపే నిలవడం లేదు గదయ్యా."

అతను లేచి వార్నిష్ కలిపాడు. పట్టీ ఆరాక తొడిగితే, జాడీ మెల్లగా ఊపిరి వదిలి నడుము సన్నం చేసుకుంది.

గోదేన్ వచ్చి గోటితో గీకి చూశాడు. "వార్నిషేగా ఇది?"

"దానికి పాదరసం పడదు మస్యూ గోదేన్" అంది ఉర్సుల్.

గోదేన్ పట్టక పక్కన పడేసిన పాత పూత పట్టీ ఒకటి జాడీ దగ్గరికి తెచ్చాడు. జాడీ చటుక్కున ఉబ్బింది.

"పడకపోతే ఏం చేస్తాం. ఇదే ఓడలో వచ్చినవి ఇంకో ముప్పై ఉన్నాయి. వాటి బుద్ధీ ఇలాగే ఉంది, నలుగురు పనివాళ్లు తిప్పి పంపేశారు. వాటికీ నువ్వే వార్నిష్ వెయ్యి అన్సెల్మ్."

వేసవంతా కుంపటి వెలిగించలేదు. చలి మొదలైన ఒక పొద్దున అన్సెల్మ్ సూపు తాగుతుంటే ఉర్సుల్ ఊరికే చూస్తూ కూర్చుంది. గిన్నె ఖాళీ అయింది. తుండుగుడ్డ మీద ఒక్క చుక్క లేదు.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. గుడ్డ తీసి, మడతపెట్టి, పెట్టె అడుగున దాచేసి, అతని ముందు ఉల్లిపాయలు పోసింది.

"తరుగు" అంది.