పెంటయ్య ఆర్పిన పది కంప్యూటర్లు

యూనివర్సిటీలో కంప్యూటర్లున్నాయి, గదికి తాళమూ ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో మూడేళ్లుగా ఎవరూ చెప్పలేదు. అందుకే వనిత పరిశోధన అమీర్‌పేటలో, మైత్రీవనం మూడో అంతస్తులో సాగుతోంది. అక్కడి కోచింగ్ సెంటర్లో మధ్యాహ్నం బ్యాచ్‌లకు జావా చెబుతుంది. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటిదాకా పది కంప్యూటర్లు ఆమెవి. ఓనరు బుల్లబ్బాయి గారి మాట అది.

ఆమె పని నాచులో ఉండే ఒక ఎంజైము మీద. అది హైడ్రోజన్ వాయువును తయారుచేస్తుంది. ఆక్సిజన్ చొరబడి నడిమధ్యనున్న లోహాన్ని తాకిందంటే మాత్రం చచ్చి ఊరుకుంటుంది. చొరబడేది ఏ దారిన? బొమ్మలో చూస్తే ఎంజైము గోడకు సందే లేదు.

"సందు లేనిది గాలెట్ల పోతది? సోమవారం దారి చూపియ్యి, లేకుంటే టాపిక్ మార్చు" అన్నాడు గైడు రాజనర్సయ్య సారు. మూడేళ్ల పని ఆయనకు ఒక్క మాట.

గోడ కదులుతుందని వనిత నమ్మకం. ఎంజైములో ప్రతి పరమాణువునూ కంప్యూటర్లో కదిలించి, ఆక్సిజన్‌ను బయట వదిలి, ఎటు పోతుందో చూడాలి. పది కంప్యూటర్లలో పదిసార్లు. శనివారం సాయంత్రం అన్నింట్లోనూ ఆ పని మొదలుపెట్టి వెళ్లింది.

ఆదివారం మధ్యాహ్నం పంజగుట్ట హాస్టల్లో అన్నం తిని నడిచొచ్చేసరికి పది తెరలూ నల్లగా ఉన్నాయి. అటెండరు పెంటయ్య బల్లలు తుడుస్తున్నాడు.

"ఎవరు బంద్ చేసిన్రన్నా?"

"నేనే. నిన్న తాళమేసే ముందల, రోజు చేసినట్టె. ఆరేండ్ల సంది ఒక్కనాడు మర్వలే."

"బుల్లబ్బాయి గారు చెప్పలేదా?"

"యూసుఫ్‌గూడల పెండ్లికి పోయిండు. పెండ్లి బువ్వ యాదికుంటది గాని మనమెందుకు యాదికుంటం?"

వనిత కుర్చీలో కూలబడింది. రేపు సారుకు ఏం చూపించాలి?

"ఫికర్ జెయ్యకు మేడం, ఇప్పుడే ఆన్ చేస్త" అని పెంటయ్య మొదటి తెర కింద మీట నొక్కాడు. తెర వెలిగింది. అంకెలు పరుగెడుతున్నాయి.

వనిత లేచి బల్ల కింది చెక్కపెట్టె మీద చెయ్యి పెట్టింది. దొంగల భయంతో అసలు యంత్రాలను ఆ పెట్టెల్లో పెట్టి తాళాలేశారు. చెక్క వెచ్చగా ఉంది.

"అన్నా, రోజూ గీ మీటొక్కటే నొక్కుతవా?"

"మరింకేంది? గిదే గద కంప్యూటరు. కింది పెట్టెలల్ల కరెంటు డబ్బాలే ఉంటయి."

ఆరేళ్లుగా పెంటయ్య ఆపింది తెరల్నే. వనితకు నవ్వాగలేదు.

ఇద్దరూ ఒక్కో తెరా వెలిగిస్తూ పోయారు. ఆరింట్లో ఆక్సిజన్ బయటే తచ్చాడుతోంది. ఏడోదాంట్లో బయట లేదు. వనిత బొమ్మను మొదటి నుంచి నడిపించింది. గోడ వణికింది, ఒకచోట కాస్త సందిచ్చింది, ఆక్సిజన్ దూరింది. వెనక సందు మూసుకుపోయింది, ముందు ఇంకోటి తెరుచుకుంది. అలా లోహం దాకా.

పెంటయ్య మెడ చాచి చూశాడు. "గిండ్ల ఏమున్నది మేడం? కింద పాంప్లెట్లు పంచెటోళ్ల నడుమ సందుంటదా? ఒకడు అటు జరుగుతడు, ఇంకొకడు ఇటు జరుగుతడు, మనం పోతం."

"గీ ముక్క రేపు సారుకు నువ్వే చెప్పరాదన్నా."

"నేనొస్త. బల్లలు మీ సారు తుడుస్తడా?"

ఆ బొమ్మను వనిత సీడీలోకి ఎక్కించుకుంది. ఒక్కటి చాలదు, సారు రెండోది అడుగుతాడు. మిగతావి పొద్దుటిదాకా నడవాలి.

"ఇగ బంద్ చేద్దాం. నువ్వు చేసినట్టే" అంది.

అటు నుంచి అతను, ఇటు నుంచి ఆమె, తెరల మీటలు నొక్కుకుంటూ వచ్చారు. తాళమేసి, మెట్లు దిగి, పాంప్లెట్ల గుంపులో దూరారు.